మరుభూమిలో మజిలీ

ఎడారిని గూర్చి మనలో పలువురి మనస్సులలో నాటుకొనిన భావమొకటి కలదు. అచ్చట మార్పనునది లేదనియు, నిన్నటి ఎండయే నేడును నేటి ఎండయే రేపును కాయుచుండుననియు, వాతావరణ సూచనలతో పనిలేని చోటేదైన నున్నచో అది మరుభూమియే యనియు మనమనుకొందుము. కాని ఆ మరుభూమి నడుమ కారు నిలిపి, దాని ప్రక్కన గుడారము వేసికొని, భార్యాబిడ్డలతో రెండు మూడు రాత్రులు గడపి వచ్చినవారు వేఱొక మాట చెప్పుదురు. మధ్యాహ్నము ఒంటిమీది చొక్కాయే బరువనిపించిన చోట తెల్లవారుజామున కప్పుకొన్న దుప్పట్లు చాలక కారులోనికి పోయి తలుపులు వేసికొనవలసి వచ్చుట, ఆకు కదలని సాయంకాలము ముగిసి అరగంట గడవకమునుపే గుడారపు మేకులు ఊడివచ్చునంతటి గాలి లేచుట, నడినెత్తిన మబ్బుతునకయైన లేనప్పుడు ఎండిన వాగులో బురదనీరు పొరలివచ్చుట అచ్చట అపూర్వములు కావు. వానలేమికి పేరుపడిన ప్రదేశము వాతావరణ చాంచల్యమునకు ఆటపట్టగుట ఎట్లు? ఈ రెండు లక్షణములును ఒకే కారణమునుండి పుట్టినవని చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఇందులకు అమెరికాలోని డెత్ వ్యాలీని ఉదాహరణముగా తీసికొందము. కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున, మొహావీ ఎడారి ఉత్తరభాగమున, ఉత్తర దక్షిణములుగా సుమారు 225 కిలోమీటర్లు సాగిన ఈ లోయయొక్క అడుగుభాగము బ్యాడ్‌వాటర్ అను చోట సముద్రమట్టమునకు 86 మీటర్ల క్రింద నున్నది. 1913 జులై 10వ తేదీన ఇచ్చటి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, కొందరు శాస్త్రజ్ఞులు సందేహించుచున్నను, భూమిపై గాలికి కొలిచిన అత్యధికోష్ణముగా అధికార పట్టికలలో నేటికిని నిలిచియున్నది. వేసవి మాట అట్లుండ, నవంబరు మొదలు మార్చివరకు ఈ లోయ విహారయోగ్యము. శాన్‌హోసే, ఫ్రీమాంట్, ఇర్వైన్ మొదలగు పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు, పిల్లల బడులకు సెలవులిచ్చినంతనే, గుడారము, పరుపులు, గ్యాసు స్టవ్వు, నీళ్ల డబ్బాలు, రెండు పూటలకు సరిపడు పులిహోర కారు వెనుకభాగమున సర్దుకొని ఇటు బయలుదేరుచుందురు. అట్టి కుటుంబము వెంట మనమును ఈ లోయలోనికి దిగి చూతము.

పడమటినుండి వచ్చువారికి ఈ లోయ ఏల ఎండియున్నదో దారియే బోధించును. పసిఫిక్ మహాసముద్రము మీదుగా తేమను మోసికొని వచ్చు గాలి సియెర్రా నెవాడా పర్వతశ్రేణిని ఎక్కవలసియున్నది. పైకి పోవుకొలది ఒత్తిడి తగ్గుటచేత గాలి వ్యాకోచించును, వ్యాకోచించుటచేత చల్లబడును, చల్లబడుటచేత తనలోని ఆవిరిని నిలుపుకొనజాలక వానగను మంచుగను విడిచివేయును. 4,421 మీటర్ల విట్నీ శిఖరము ఈ శ్రేణిలోనిదే. ఆవలి ప్రక్కకు దిగునపుడు ఆ పొడిగాలి ఒత్తిడికి లోనై, కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కును. సముద్రమునకును డెత్ వ్యాలీకిని నడుమ ఇట్టి పర్వతశ్రేణులు ఒకదాని వెనుక నొకటిగా నాలుగు అడ్డుపడుచున్నవి. చివరిదగు పానమింట్ శ్రేణిని టౌన్ పాస్ అను కనుమగుండ దాటి, సుమారు 1,500 మీటర్ల ఎత్తునుండి సముద్రమట్టమువరకు కారు ఒక్క దిగువు దిగునపుడు వెనుక సీటులోని పిల్లల చెవులు దిబ్బెళ్లు వేయుచుండును. గాలిని వేడెక్కించు ఒత్తిడి పెరుగుదల యిదియే. పర్వతముల చాటున వాన కొఱవడు ఈ వర్షచ్ఛాయ రాయలసీమవారికి క్రొత్త విషయము కాదు. పడమటి కనుమల చాటున నుండుటచేతనే అనంతపురమునకు నైఋతి ఋతుపవనముల వాన చాలవరకు దక్కకుండ పోవుచున్నది. అయినను అనంతపురమున ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుచుండగా, డెత్ వ్యాలీ అడుగున పడునది అందు పదియవ వంతు మాత్రమే.

నీరు కొఱవడిన చోట దప్పిక తీర్చు వస్తువుతోపాటు వేడిని నిలువచేయు సాధనముకూడ కొఱవడును. ఒక కిలోగ్రాము నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు పట్టు శక్తిలో ఐదవ వంతు చాలును, అంతే బరువుగల పొడి ఇసుకను ఒక్క డిగ్రీ వేడిచేయుటకు. మచిలీపట్నమువంటి తీరప్రదేశమున సముద్రము పగటి వేడిని తనలో దాచి రాత్రి తిరిగి ఇచ్చుచుండును. గాలిలోని ఆవిరి నేలనుండి వెడలు ఉష్ణకిరణములలో కొంతభాగమును పట్టి నేలకే మరల పంపుచుండును. చెట్ల వేళ్లును మెత్తని మన్నును వాననీటిని పీల్చికొని నెలల తరబడి మెల్లగా విడుచుచుండును. ఈ మూడు నిలువలే వాతావరణమునకు స్థైర్యము నిచ్చునవి. ఎడారిలో మూడింటిలో ఏ ఒక్కటియు లేదు. అచ్చట వచ్చిన ఎండ వచ్చినట్లే నేలను కాల్చును, పోయిన వేడి పోయినట్లే నేలను చల్లార్చును, పడిన వాన పడినట్లే పరుగెత్తును. కావున ఎడారి చాంచల్యమనగా నిలువలేమియే యని మనము నిర్వచింపవచ్చును. యాత్రికుల అనుభవములన్నియు ఈ ఒక్క సూత్రమునకు లోబడి నడచును.

మొదట పగటి మాట. ఎండిన ఇసుక వేడిని లోపలికి సులభముగా పోనీయదు. సూర్యుని వేడిమి అంతయు పైపొరలోనే చిక్కుకొనును. 1972 జులై 15న ఫర్నెస్ క్రీక్‌లో నేల ఉపరితలమున 93.9 డిగ్రీలు నమోదైనది. నీరు మరుగుటకు ఇంక ఆరు డిగ్రీలు మాత్రమే తక్కువ. మార్చినెలలో గాలి ఉష్ణోగ్రత సగటున 28 డిగ్రీలకు మించకున్నను, ఎండలో నిలిపిన కారు లోపలి గాలి వెలుపలి గాలికంటె పది నిమిషములలోనే పది డిగ్రీలు అధికమగును. అద్దములగుండ లోనికి వచ్చిన కాంతి సీట్లను వేడిచేయును. సీట్లు విడుచు ఉష్ణకిరణములు అద్దములను దాటలేవు. వేడెక్కిన గాలి పైకిపోవ మార్గము లేదు. నిద్రించు పసిబిడ్డను క్షణకాలమని కారులో విడిచిపోరాదనుటకు ఇదియే హేతువు.

శరీరముమీద ఎడారి పగలు చూపు ప్రభావము మరింత గూఢమైనది. ఒక లీటరు చెమట ఆవిరియగునపుడు శరీరమునుండి తీసికొనిపోవు వేడితో ఏడు లీటర్లకు పైగా చన్నీటిని మరుగుస్థాయికి తేవచ్చును. విజయవాడ వేసవిలో ఒళ్లంతయు చెమటతో తడిసిపోవుటకు కారణము గాలిలో అప్పటికే ఆవిరి నిండియుండి చెమట ఆరకపోవుటయే. ఎడారిలో చెమట పుట్టినచోటనే ఆరిపోవును, ఒళ్లు పొడిగానుండును, చెమటయే పట్టలేదని యాత్రికుడు భ్రమపడును. దప్పిక తెలియునప్పటికే శరీరము కొంత నీటిని కోల్పోయియుండును. అందుచేత మనిషికి దినమునకు కనీసము నాలుగు లీటర్ల నీరు దగ్గర నుంచుకొనవలెనని ఈ లోయను సంరక్షించు జాతీయోద్యానవనపు అధికారులు హెచ్చరించుచుందురు. చెమటతో నీటితోపాటు సోడియముకూడ వెడలును; నీటినిమాత్రమే అధికముగా త్రాగుచు ఉప్పు తీసికొననిచో రక్తమున సోడియము పలుచబడి, తలనొప్పి, వాంతులు, మతిభ్రమ కలుగవచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగకు మన వేసవి ఆచారమున దక్కిన గౌరవము శరీరశాస్త్రముచేత సమర్థితమైనదే.

సూర్యుడు పానమింట్ కొండల వెనుకకు జారినంతనే రెండవ అంకము మొదలగును. వేడిగల ప్రతి వస్తువును అదృశ్యములగు ఉష్ణకిరణములను వెదజల్లుచునే యుండును. ఆవిరి నిండిన ఆకాశము వానిలో పెద్దభాగమును తిరిగి క్రిందికి పంపును; పొడి ఆకాశము అట్లు చేయజాలదు. నిర్మలమగు ఎడారి రాత్రియందు నేల ప్రతి చదరపు మీటరునుండి దాదాపు నూరు వాట్లవరకు శక్తిని అంతరిక్షమునకు కోల్పోవుచుండును. ఇసుక పైపొరలో మాత్రమే దాగిన వేడి కొలదిగంటలలో ఖర్చైపోవును. అడుగునుండి క్రొత్త వేడి త్వరగా పైకి రాజాలదు. అయితే ఎడారి రాత్రులన్నియు చల్లనివే యనుకొనుట పొరపాటు. జులైలో డెత్ వ్యాలీ అడుగున తెల్లవారుజామున సైతము సగటున 31 డిగ్రీలు ఉండును. నిటారుగా లేచిన కొండల గోడలు పగటి వేడిని రాత్రియంతయు లోయలోనికి విడుచుచుండును. కొండలపైనుండి దిగు గాలి ఒత్తిడికి వేడెక్కుచుండును. ఒకే స్థలము ఋతువునుబట్టి రెండు విధముల రాత్రులను చూపగలదు గనుక, ఎడారి యాత్రికుడు రాత్రిని ఆ నెల లెక్కనుబట్టి తెలిసికొనవలెనే గాని ప్రతీతినిబట్టి కాదు.

గుడారములో పడుకొన్నవారికి తెల్లవారుజామున మరియొక విచిత్రము ఎదురగును. చుట్టును మైళ్లకొలది తేమయన్నది లేకపోయినను గుడారపు బట్ట లోపలివైపు నీటిబొట్లతో నిండియుండును. ఆ నీరు పడుకొన్నవారి ఊపిరిలోనిదే. గుడారపు పైబట్ట ఆకాశమునకు ఎదురుగా నుండి వేడిని వెదజల్లుచు చుట్టునున్న గాలికంటెను చల్లబడును. దానిని తాకిన ఊపిరి ఆవిరి బొట్లుగా మారును. కారులో పడుకొన్నవారికి అద్దములపై ఇదే జరుగును. గాలి వచ్చుటకు పైభాగమున కొంచెము సందు విడుచుట యొక్కటే దీనికి మందు. ఒంటిమీద కప్పుకొను దుప్పట్లకంటె ఒంటిక్రింద వేసికొను పరుపు ముఖ్యమని అనుభవశాలులు చెప్పుటకును కారణము కలదు: శరీరపు బరువుక్రింద అణగిన దుప్పటిలో గాలి మిగులదు, గాలి లేనిచో వేడి సూటిగా నేలలోనికి పోవును. చలికి తాళలేక గుడారములోనో, మూసిన కారులోనో స్టవ్వుగాని బొగ్గులకుంపటిగాని వెలిగించుటమాత్రము ప్రాణాంతకము. అరకొరగా మండిన ఇంధనమునుండి వెడలు కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు పైగా బలముతో రక్తములోని హీమోగ్లోబినును పట్టుకొనును. దానికి రంగులేదు, వాసనలేదు. నిద్రించువాని నిద్ర మరింత గాఢమగుచు పోవును.

ఇట్టి చలికిని వేడికిని కారుగల యాత్రికునికి ఒక ఉపాయము లభించియున్నది. గాలి ఉష్ణోగ్రత ఎత్తుతోపాటు కిలోమీటరునకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుచుండును. బ్యాడ్‌వాటర్‌కు ఎదురుగానే 3,368 మీటర్ల ఎత్తున టెలిస్కోప్ శిఖరము నిలిచియున్నది. లోయ అడుగున ఫర్నెస్ క్రీక్ విడిదియు, సుమారు 1,250 మీటర్ల ఎత్తున వైల్డ్‌రోజ్ విడిదియు, దాదాపు 2,500 మీటర్ల ఎత్తున మహాగనీ ఫ్లాట్ విడిదియు కలవు. క్రింద చొక్కాతో తిరుగు మధ్యాహ్నమున పైని మంచు కరగకుండ ఉండుట సంభవమే. వాతావరణమును మార్చుట మన చేతిలో లేకున్నను ఎత్తును మార్చుకొనుట కారు చేతిలోనున్నది. కొలది గంటల ప్రయాణముతో ఒక ఋతువునుండి వేఱొక ఋతువులోనికి పోవచ్చును. కాని పైకి పోయినవారు వంటపాత్రవిషయమున జాగ్రత్త వహింపవలెను. 2,500 మీటర్ల ఎత్తున నీరు దాదాపు 92 డిగ్రీలకే మరుగును. అంతకుమించి ఎంత మంట పెట్టినను మూత వదులుగానున్న గిన్నెలోని నీరు వేడెక్కదు. అచ్చట కందిపప్పు ఉడుకుటకు చాలసేపు పట్టును. ప్రెషర్ కుక్కరు వెంట తెచ్చుకొన్న గృహిణి లోపలి ఒత్తిడిని పెంచి, పర్వతముమీద నుండియే సముద్రతీరపు మరుగుస్థానమును మించిన వేడిని సాధింపగలదు.

ఇక గాలి. వసంతకాలమున పసిఫిక్‌నుండి వచ్చు వాయుగుండములు వానను కొండల ఆవలనే విడిచి, గాలినిమాత్రము లోయలలోనికి పంపుచుండును. గాలి త్రోపుడు వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును: గంటకు 20 కిలోమీటర్ల గాలి 60 కిలోమీటర్లకు పెరిగినచో గుడారముమీద పడు బలము తొమ్మిది రెట్లగును. పొడి ఇసుకలో దిగగొట్టిన మేకును పట్టియుంచు శక్తి ఇసుకకు లేదు. రేణువుకు రేణువు అంటుటకు కావలసిన తేమయే లేదుగదా. అందుచేత గుడ్డసంచిలో ఇసుక నింపి, త్రాడు కట్టి, గుంటలో పూడ్చుట మేలు. ఇసుక ఎట్లు ఎగురునో ప్రథమముగా క్రమబద్ధముగా పరిశోధించిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ స్వయముగా మోటారుకార్లలో ఎడారిలో మజిలీలు చేసినవాడగుట విశేషము. 1920లలోను 1930లలోను ఆయన తన మిత్రులతో ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని శోధించి, టైర్లలో గాలి తగ్గించి ఇసుకమీద నడపుటయు, రేడియేటరునుండి పొంగిన ఆవిరిని ప్రక్కనున్న డబ్బాలో చల్లార్చి తిరిగి వాడుకొనుటయు అభ్యసించెను. ఆపిమ్మట గాలిసొరంగములో ప్రయోగములు చేసి 1941లో తన గ్రంథమును వెలువరించెను. ఇసుకరేణువు గాలిలో తేలిపోదనియు, గంతులు వేయుచు పోవుననియు, క్రిందపడినపుడు మరికొన్ని రేణువులను ఎగురగొట్టుననియు ఆయన చూపెను. ఈ గంతులలో అధికభాగము మోకాలి ఎత్తునకు లోపుననే ముగియును. స్టవ్వును నేలమీద గాక బల్లమీద పెట్టుటకును, ఇసుక లేచినపుడు పసివారిని ముందుగా కారులోనికి ఎక్కించుటకును ఇది చాలిన కారణము. వారి ముఖములు ఆ పొరకు మనకంటె సమీపమున నుండును.

అన్నిటికంటె ఆకస్మికమగు గాలి మబ్బునుండి దిగునది. దూరమున ఒక మబ్బు క్రింద బూడిదరంగు తెరలు వ్రేలాడుచు నేలను చేరకమునుపే మాయమగుట ఎడారిలో తరచు కనబడును. ఆ తెరలు వానచినుకులే; పొడిగాలిలో దిగుచు దారిలోనే ఆవిరియైపోయినవి. మట్టికుండ చెమర్చి లోపలి నీటిని చల్లబరచునట్లు, ఆ చినుకులు ఆరిపోవుచు చుట్టునున్న గాలిని చల్లబరచును. చల్లని గాలి బరువైనది గనుక నేలమీదికి పడి నలుదిక్కులకు పరచుకొనును. ఇట్టి అధోవాయువులలో చిన్నవియు తీవ్రములును అగువానిని జపానులో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రజ్ఞుడు టెట్సుయా ఫుజితా 1970లలో గుర్తించెను. వాని వేగము గంటకు 150 కిలోమీటర్లను మించుటయు కలదు. నేలను తడపని వాన గుడారమును మాత్రము ఎగురగొట్టగలదన్నమాట.

ఇంతటి మార్పులను ముందుగా చెప్పలేరా యని ప్రశ్నింపవచ్చును. పెద్ద వాయుగుండము రాకను రెండు మూడు దినములముందే నేటి శాస్త్రము బాగుగా చెప్పుచున్నది. అయితే సూచనలు సిద్ధపరచు కంప్యూటరులు ఆకాశమును గళ్లుగా విభజించి లెక్కించును; ప్రపంచమంతటికి వర్తించు లెక్కలలో ఒక్కొక్క గడి పది కిలోమీటర్ల పరిమాణమున నుండును. ఎడారి ఉరుముమబ్బు కొన్ని కిలోమీటర్ల వెడల్పున పుట్టి గంటసేపటిలో గతించును. టెలిస్కోప్ శిఖరమునకును బ్యాడ్‌వాటర్‌కును నడుమ ఎత్తులో దాదాపు మూడున్నర కిలోమీటర్ల భేదముండగా, అట్టి ప్రాంతమునకు ఒక్క సంఖ్య ఏమి చెప్పగలదు? ఆరంభస్థితిలోని అణుమాత్ర భేదము క్రమముగా పెరిగి ఫలితమును తారుమారు చేయునని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే గణితముతో నిరూపించెను. కావున నూటికి ఇరువది వంతులు వాన అను సూచనకు అర్థము, మనము నిలిచిన చోట కొలువదగిన వాన పడుటకు అంత అవకాశము కలదని మాత్రమే. ఎడారిలో మన నెత్తిన వాన పడుట ముఖ్యము కాదు. మనకు ఎగువనున్న కొండమీద పడుట ముఖ్యము. లోయలో చాలచోట్ల సెల్‌ఫోను పనిచేయదు గనుక, ఆ ఎగువ ప్రాంతపు సూచననుకూడ బయలుదేరకముందే చూచుకొనవలెను.

ఎగువ వానను గూర్చి ఇంతగా చెప్పుటకు కారణము వరద. 2022 ఆగస్టు 5న ఫర్నెస్ క్రీక్‌లో సుమారు మూడు గంటలలో 37 మిల్లీమీటర్ల వాన కురిసినది. మన ఋతుపవనకాలమున అది పత్రికలకు ఎక్కని వాన. కాని దానితోనే రోడ్లు తెగి, సుమారు 60 కార్లు రాళ్లలోను బురదలోను కూరుకొని, వేయిమందివరకు బయటపడు దారిలేక నిలిచిపోయిరి. మరుసటి యేడు 2023 ఆగస్టు 20న హిల్లరీ తుపాను శేషము ఒక్కదినమున 56 మిల్లీమీటర్లు కురిపించెను; ఏడాది వాన ఒక్కదినమున పడినట్లయి, ఉద్యానవనము దాదాపు రెండు నెలలు మూతపడినది. లెక్క వేసి చూతము. ఒక చదరపు కిలోమీటరుమీద 37 మిల్లీమీటర్ల వాన పడినచో ఆ నీరు మూడు కోట్ల డెబ్బది లక్షల లీటర్లు. నూరు చదరపు కిలోమీటర్ల కొండప్రాంతమునుండి అందులో సగమైనను ఒకే ఇరుకు కనుమగుండ కొలది గంటలలో దిగవలసినచో ఏమగునో ఊహింపవచ్చును. గట్టిపడిన నేల పీల్చుకొనదు; ఆపుటకు చెట్టు లేదు; వేగముగా దిగిన నీరు రాళ్లను పెకలించి తనలో కలుపుకొని నీటికంటె చిక్కనిదియు బరువైనదియు అగును. కనుమ ముగిసిన చోట విసనకర్ర ఆకారమున పరచుకొన్న రాళ్ల మేటలు అట్టి వరదల చరిత్రయే. చదునుగా, మెత్తగా, గాలి తగలకుండ నుండుటచేత గుడారమునకు అనువుగా కనబడు వాగు గర్భము నీటి దారి యని మరువరాదు.

వాగు ఒడ్డున నిలిచినవానికి ఆకాశము నమ్మదగిన సాక్షి కాదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని ఆంటిలోప్ కాన్యన్ అను ఇరుకు లోయలో ఉన్నవారికి వాన ఇంచుమించుగా పడలేదు. మైళ్ల దూరమున ఎగువ కురిసిన వాననుండి వచ్చిన వరద పదునొకండుమందిని బలిగొన్నది. కారులో నున్నవారమని ధైర్యము పనికిరాదు. నాలుగున్నర మీటర్ల పొడవు, ఒకటి ముప్పావు మీటరు వెడల్పుగల కారు అడుగును నీరు పది సెంటీమీటర్లు మించినచో, ఆర్కిమిడీస్ సూత్రము ననుసరించి దాదాపు ఎనిమిదివందల కిలోగ్రాముల ఎత్తుడు బలము దానిపై పనిచేయును. ఇరువది సెంటీమీటర్లు మించినచో టన్నున్నర కారు చక్రములు నేలపై పట్టు కోల్పోవును. దాదాపు ఒక అడుగు లోతుగల ప్రవాహము చిన్నకారును కొట్టుకొనిపోగలదని అమెరికా వాతావరణశాఖ హెచ్చరించుట ఈ లెక్కనుబట్టియే విశ్వసింపదగియున్నది. అయితే పిడుగులనుండిమాత్రము ఆ కారే శరణ్యము: టైర్ల రబ్బరుచేత గాదు, విద్యుత్తు లోహపు పైకప్పు వెలుపలి భాగమునుండియే నేలకు పోవునని ఫారడే 1836లో చూపిన ధర్మముచేత. మెరుపునకును ఉరుమునకును నడుమ ప్రతి మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు దూరమని గణింపవచ్చును. చివరి ఉరుము విన్న అరగంటవరకు కారు దిగకుండుట క్షేమము.

ఈ చాంచల్యము విధ్వంసమునకే పరిమితము కాదు. హిల్లరీ వానతో బ్యాడ్‌వాటర్ ఉప్పుమేటమీద ఒక పలుచని సరస్సు ఏర్పడినది. హిమయుగమున అదే చోట వందల అడుగుల లోతున నుండిన మాన్లీ సరస్సు పేరునే దానికిని వాడిరి. 2024 ఫిబ్రవరి వానలతో అది మరల నిండగా, మార్చి మొదట వీచిన గాలులు ఆ సరస్సును సుమారు మూడు కిలోమీటర్లు ఉత్తరమునకు నెట్టివేసినవి. రేస్‌ట్రాక్ అను మరియొక ఎండిన చెఱువులో వందల కిలోగ్రాముల రాళ్లుకూడ తమంతట తాము కదలినట్లు బురదలో చాళ్లు దీర్చియుండుట పలు దశాబ్దములు పరిశోధకులను వేధించెను. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అను దాయాదులు కొన్ని రాళ్లకు స్థానసూచక యంత్రములు అమర్చి వేచియుండి, 2013 డిసెంబరులో ఆ కదలికను స్వయముగా చూచి, 2014లో ప్రకటించిరి. వాన పడి లోతులేని మడుగు ఏర్పడవలెను; రాత్రి చలికి అది కొన్ని మిల్లీమీటర్ల మందముగల మంచుఫలకముగా గట్టిపడవలెను; పగటి ఎండకు ఆ ఫలకము పగులవలెను; ఒక మోస్తరు గాలి ఆ ముక్కలను నెట్టవలెను. అప్పుడు విశాలమగు మంచుముక్కలు రాళ్లను నిమిషమునకు కొన్ని మీటర్ల చొప్పున త్రోయును. వాన, చలి, ఎండ, గాలి ఈ నాలుగును వరుస తప్పక ఒకదాని వెనుక ఒకటి రాగలుగు చోటనే ఆ చాళ్లు ఏర్పడును.

నిలువలు లేని ఈ దేశమున వేలయేండ్లుగా జీవించుచున్నవి యేమి చేయుచున్నవో చూచుట యాత్రికునికి ఉపకరించును. ఇచ్చటి ఏకవార్షిక మొక్కల విత్తనములలో పెక్కింటికి మొలకను నిరోధించు పదార్థములు పైపొరయందు కలవు. చిరుజల్లుకు అవి కరగవు. నేలను బాగుగా తడిపిన వానకే కరగును. అట్టి వాన వచ్చినపుడుకూడ విత్తనములన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని మరు సంవత్సరములకై మట్టిలోనే నిద్రించును. భవిష్యత్తు అనిశ్చితమైనచోట ఇట్లు కొంతభాగమును వెనుక నుంచుకొనుటయే దీర్ఘకాలమున లాభదాయకమని డాన్ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు 1966లో గణితముతో నిరూపించెను. 2005లోను 2016లోను లోయ అడుగు పసుపుపూలతో నిండుటకు ఆ నిద్రించిన విత్తనములే కారణము. అవి రేపటి వానను ముందుగా తెలిసికొనలేదు. తెలియకపోయినను నష్టపడని విధమున తమ నిలువను దాచుకొన్నవి.

కారులో వచ్చు కుటుంబమునకును ఇంతకు మించిన విద్య అక్కరలేదు. ఎడారికి లేని నిలువలను తానే వెంట మోసికొని రావలెను: అంచనాకు మించి ఒక దినమునకు చాలునంత నీరు, సగమునకు తగ్గకుండ నింపుకొనిన పెట్రోలు, ఆ నెల చలికంటె ఒక మెట్టు పైనున్న పరుపులు, లోయలోనొకటియు కొండమీద నొకటియు ముందే ఆలోచించుకొన్న రెండు విడుదులు. వీనిలో అన్నిటికంటె ఎక్కువగా మరచిపోబడునది కాలపు నిలువ. సోమవారము ఉదయము ఆఫీసులో నుండితీరవలెనని ఆదివారము సాయంకాలమునకు తిరుగుప్రయాణము పెట్టుకొన్నవాడు, రోడ్డుకు అడ్డముగా పారుచున్న వాగును చూచి, లోతు అంతగా లేదని తనకు తానే నచ్చజెప్పుకొనును. ఒక్క దినము చేతిలో మిగుల్చుకొని వచ్చిన కుటుంబమునకు అట్టి తర్కముతో పనిలేదు; అది కారును వెనుకకు త్రిప్పి, గట్టుమీద నిలిపి, నీరు తీయువరకు స్టవ్వు వెలిగించుకొని అన్నము వండుకొనును.